ఏజెంటు దగ్గర కొన్న విమాన టికెట్ రద్దయితే డబ్బు ఎవరు తిరిగివ్వాలి?

పెన్నాగట్టు (నెల్లూరు):
అమ్మానాన్నలను కాశీకి పంపుదామని మా వీధి ట్రావెల్స్ షాపులో చెన్నై నుంచి వారణాసికి టికెట్లు తీశాను. తెల్లవారుజామునే కారు మాట్లాడుకుని బయలుదేరాం. సూళ్లూరుపేట దాటాక ఏజెంటు ఫోన్ చేసి ఫ్లైట్ క్యాన్సిల్ అయిందన్నాడు. మెసేజ్ ముందురోజు మధ్యాహ్నమే వచ్చిందట, కానీ బుకింగ్‌లో మా నంబరు బదులు తన నంబరు పెట్టుకున్నాడు. ఇప్పుడు ఎయిర్‌లైన్ వాళ్లు పూర్తి డబ్బు ఏజెన్సీ ఖాతాలో వేసేశామని మెయిల్ పెట్టారు. ఏజెంటేమో రాలేదంటాడు. నేను ఎవరిని పట్టుకోవాలి?

కావలి కుర్రాడు:
ఎయిర్‌లైన్‌నే పట్టుకోండి అన్నా. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనలో స్పష్టంగా ఉంది, టికెట్ ఏజెంటు దగ్గర కొన్నా పోర్టల్‌లో కొన్నా రిఫండ్ ఇప్పించే బాధ్యత విమాన సంస్థదే, ఎందుకంటే ఏజెంట్లు వాళ్లు పెట్టుకున్న ప్రతినిధులు. ఖాతాలో వేసేశాం, ఇక మాకు సంబంధం లేదు అంటే కుదరదు. ఇంకోటి, కనీసం 24 గంటల ముందైనా చెప్పకుండా రద్దు చేస్తే రిఫండ్ కాక నష్టపరిహారం కూడా ఉంది. రెండు గంటలకు మించిన ప్రయాణానికి 10,000 రూపాయలు, లేదా బేసిక్ ఛార్జీ ప్లస్ ఇంధన ఛార్జీ, ఏది తక్కువైతే అది. వాతావరణం బాగాలేక రద్దయితే మాత్రం ఇవ్వరు.

స్టోన్‌హౌస్‌పేట:
1915 కి ఫోన్ చేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు.

ఒంగోలు టికెట్స్:
నేను ఈ వ్యాపారంలోనే ఉన్నాను, అందుకే రాస్తున్నా. జనం అనుకున్నట్టు డబ్బు నేరుగా మా షాపుకు రాదు. మాలాంటి చిన్న ఏజెంట్లు చెన్నైలోనో హైదరాబాదులోనో ఉన్న పెద్ద ఏజెన్సీ కింద పనిచేస్తాం. ముందే వాళ్ల దగ్గర వాలెట్‌లో డబ్బు వేసుకుని దాంట్లోంచి టికెట్ తీస్తాం. రిఫండ్ మొదట వాళ్లకు వస్తుంది, తర్వాత మా వాలెట్‌కు. ఎయిర్‌లైన్ వేసేశామన్న రోజుకీ మాకు కనబడే రోజుకీ మధ్య ఎంత ఆలస్యమవుతుందో మాకే తెలుసు. ఈలోగా కస్టమర్ షాపు ముందుకొచ్చి నలుగురి ముందు దొంగ అంటాడు. 2020 లాక్‌డౌన్‌లో మేం పడ్డ బాధ ఎవరికి చెప్పుకోవాలి? ఎయిర్‌లైన్లు డబ్బు క్రెడిట్ షెల్‌లో, అంటే తర్వాతి టికెట్‌కు వాడుకోమని తమ దగ్గరే జమగా పెట్టేసి కూర్చున్నాయి, అక్టోబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా తిట్లన్నీ మాకే.

కావలి కుర్రాడు:
సరే, మరి సర్వీస్ ఛార్జీ సంగతేంటి? ఫ్లైట్ వాళ్లే రద్దు చేసినా మీరు మనిషికింత అని కోసుకునే ఇస్తారు కదా. మా అక్క మస్కట్ టికెట్‌కు అలాగే కోశారు. రసీదు మీద ఆ ఛార్జీ రాయలేదు కూడా.

ఒంగోలు టికెట్స్:
టికెట్ తీసినందుకు మా పని మేం చేశాం కదా తమ్ముడూ. రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే లేచి టికెట్ తీసిచ్చేది మేమే.

కావలి కుర్రాడు:
పని చేశారు, కాదనను. రసీదులో ఎందుకు రాయలేదన్నదే నా ప్రశ్న. దానికి జవాబు చెప్పండి.

లాయరుపేట:
మీ ఇద్దరూ సర్వీస్ ఛార్జీ మీద పడ్డారు, ఆయన అడిగింది అది కాదు. పెన్నాగట్టు గారూ, ముందు ఎయిర్‌సేవలో, అంటే విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, చెన్నైకో ఢిల్లీకో తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. రెండేళ్ల గడువుంది. ఎయిర్‌లైన్‌నూ ఏజెంటునూ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి, అప్పుడు ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం ఆగుతుంది. నష్టపరిహారం మీద మాత్రం ఒక చిక్కుంది. బుకింగ్‌లో ప్రయాణికుడు సరైన ఫోన్ నంబరు ఇవ్వకపోతే పరిహారం ఇవ్వక్కర్లేదని అదే నిబంధనలో ఉంది. ఏజెంటు తన నంబరు పెట్టుకున్నది మీకు అక్కడే దెబ్బ.

ఒంగోలు టికెట్స్:
నంబరు ఎందుకు పెడతామో కూడా తెలుసుకోండి. పెద్దవాళ్లు మెసేజ్ చూసుకోరు, చూసినా అర్థం కాదు, టైమ్ మారితే మేమే ఫోన్ చేసి చెబుతాం.

పెన్నాగట్టు:
చెప్పలేదు కదా సార్! ముందురోజు మధ్యాహ్నం వచ్చిన మెసేజ్ చూసుకోకుండా మేం సూళ్లూరుపేట దాటాక చెబితే ఏం లాభం? మా నాన్నకు షుగరు, కారు రోడ్డు పక్కన ఆపి అమ్మ ఆయనకు ఇడ్లీ పొట్లం విప్పి పెడుతుంటే నేను ఫోన్ పట్టుకుని అరుస్తున్నా. మీరందరూ ఒకటే. ఇందాక షాపుకు వెళ్లాను. ఎయిర్‌లైన్ మెయిల్ చూపిస్తే అప్పుడు ఒప్పుకున్నాడు, డబ్బు వచ్చిందట. మా బావ పాత టికెట్ల బాకీ ఉందని దాంట్లో జమ వేసుకున్నాడట! ఖాతా పుస్తకం తీసి చూపించాడు, బావ పేరు కింద నా డబ్బు.

ఒంగోలు టికెట్స్:
ఈ ముక్క ముందే చెప్పుంటే బాగుండేది. మీ బావ మీ ఇంటి మనిషే కదా. ఊళ్లో మేం పేరు చూసి, ఇల్లు చూసి అప్పు మీద టికెట్లిస్తాం. ఏ పోర్టల్ వాడూ అలా ఇవ్వడు. బాకీ నెలల తరబడి ఆగితే మా వాలెట్‌లో డబ్బెక్కడిది? ఇంటి ఖాతా ఒకటే అనుకుని జమ వేశాడు, దొంగతనం కాదు.

కావలి కుర్రాడు:
ఇంటి ఖాతా ఏంది? టికెట్ మీద పేరు ఎవరిది, డబ్బు కట్టింది ఎవరు? బావ బాకీ బావను అడగాలి. అడగడానికి మొహమాటమై ఈయన డబ్బు లాగేసుకున్నాడు, అసలు సంగతి అదీ.

ఒంగోలు టికెట్స్:
మొహమాటం లేకపోతే ఊళ్లో వ్యాపారం నడవదు తమ్ముడూ. నీకు అర్థం కాదు.

లాయరుపేట:
ఒంగోలు గారూ, మీ కష్టం నిజమే, అప్పు వసూలు కాకపోవడం పెద్ద బాధే. కానీ రద్దయిన టికెట్ డబ్బు ప్రయాణికుడిది. ఆయన ఒప్పుకోకుండా ఇంకొకరి బాకీకి జమ చేసే హక్కు ఏజెంటుకు లేదు. క్రెడిట్ షెల్ విషయంలోనే డీజీసీఏ చెప్పింది కదా, డబ్బు తీసుకోవాలా దాచుకోవాలా అన్నది ప్రయాణికుడి ఇష్టమని. విమాన సంస్థకే లేని హక్కు షాపుకెక్కడిది?

ఒంగోలు టికెట్స్:
అయితే రేపటినుంచి అప్పు మీద ఒక్క టికెట్టూ ఇవ్వను. అప్పుడు అందరూ పోర్టల్‌లోనే కొనుక్కోండి.

పెన్నాగట్టు:
ఇవ్వకండి సార్, నేను అప్పు అడగలేదు. రొక్కం కట్టి కొన్నాను. బావతో మాట్లాడాను, తన బాకీ తను కడతానన్నాడు, ఏజెంటుకు అదీ చెప్పాను. ఖాతాలో ఆ జమ కొట్టేసి నా డబ్బు నాకివ్వడానికి ఇంకా నానుస్తున్నాడు. ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టేశాను. లాయరుపేట గారూ, నోటీసు రాయడానికి ఆ మెయిల్ ప్రింటు చాలా, ఖాతా పుస్తకం ఫొటో కూడా కావాలా?

లాయరుపేట:
రెండూ పెట్టండి. మీరు డబ్బు కట్టిన రసీదు మాత్రం మర్చిపోవద్దు.