కార్టూన్ నెట్‌వర్క్: నేను విన్నది ఇంగ్లీషు, మా బావ విన్నది హిందీ. ఒకే ఛానెల్ కదా, ఇదెలా?

గోదారి_గట్టు:
మొన్న ఒక పెళ్లిలో మా బావకీ నాకూ పెద్ద వాదన. మాది రాజమండ్రి దగ్గర, వాళ్లది సికింద్రాబాద్. ఇద్దరం ఈడువాళ్లం, 2002 ప్రాంతంలో బడి నుంచి రాగానే సంచీ పడేసి పెట్టేది కార్టూన్ నెట్‌వర్కే. అయితే స్కూబీ డూ హిందీలోనే మాట్లాడేదని ఆయన అంటాడు. నేను చచ్చినా ఒప్పుకోను, మా ఇంట్లో వచ్చింది ఇంగ్లీషే, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా నోరు తెరుచుకుని చూసేవాళ్లం. అప్పట్లో రెండు వేర్వేరు ఛానెళ్లు ఉండేవా? ఇంకో సంగతి, మా అన్నయ్య చిన్నప్పుడు రాత్రయ్యేసరికి కార్టూన్లు ఆగిపోయి ఏవో పాత ఇంగ్లీషు సినిమాలు వచ్చేవంటాడు, అది నిజమేనా? ఈ మధ్య వాట్సాప్‌లో ఛానెల్ మూసేశారని కూడా ఎవరో పంపారు. తెలిసినవాళ్లు కాస్త మొదటి నుంచీ చెప్పండి.

డిష్_మూర్తి:
మీరూ రైటే, మీ బావగారూ రైటే. ఛానెల్ ఒక్కటే, బొమ్మ ఒక్కటే, దానితోపాటు శాటిలైట్ నుంచి ఆడియోలు మాత్రం ఒకటికి మించి వచ్చేవి. నేను ఆ రోజుల్లో ఒక చిన్న ఊళ్లో కేబుల్ కంట్రోల్ రూమ్‌లో పనిచేశాను కాబట్టి చెప్తున్నా. ఒక్కో ఛానెల్‌కి ఒక రిసీవర్, దాన్ని కేబుల్ వైరులోకి ఎక్కించే ఒక మాడ్యులేటర్ ఉండేవి. రిసీవర్ మెనూలోకి వెళ్లి ఏ భాష పెడితే ఊరంతా ఆ భాషే వినాలి, ఎందుకంటే ఇంటికి వెళ్లే వైరులో ఇంకో ఆడియోకి చోటు లేదు. మా ఓనర్‌కి హిందీ రాదు, మొదట ఇంగ్లీషులో ఉంది కదా అని అలాగే వదిలేశాడు. మా ఊళ్లో బ్యాంకు మేనేజర్ ఉత్తరాది ఆయన, పిల్లలు గొడవ చేస్తున్నారని ఫోన్ చేస్తే హిందీకి మార్చాం, సాయంత్రానికి మిగతావాళ్ల ఫోన్లు మొదలయ్యాయి, టామ్ అండ్ జెర్రీ ఉన్నంతసేపే ప్రశాంతం. సికింద్రాబాద్‌లో హిందీ వచ్చినవాళ్లు ఎక్కువ కాబట్టి అక్కడి ఆపరేటర్ హిందీ పెట్టి ఉంటాడు, అంతే.

బొమ్మల_పిచ్చోడు:
మూర్తి గారు ఆడియో సంగతి తేల్చేశారు, మిగతాది నేను చెప్తా, కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి.

మన దేశంలో ఇది మొదలైంది 1995 మే 1న. అమెరికాలో 1992 అక్టోబర్ 1న పుట్టిన ఛానెల్ ఇక్కడికి మూడేళ్లు కూడా కాకముందే వచ్చేసిందన్నమాట. మీ అన్నయ్య చెప్పింది నిజమే. పగలు కార్టూన్ నెట్‌వర్క్, రాత్రి అదే ఛానెల్‌లో టీఎన్‌టీ. ఈ రెండూ టెడ్ టర్నర్ కంపెనీవే. ఆయన 80ల్లో హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం పాత సినిమాల లైబ్రరీ కొన్నాడు, 1991లో హనా-బార్బెరా అనే కార్టూన్ల కంపెనీ కొన్నాడు. ఒక పెద్ద గోడౌన్ నిండా సరుకుంది, శాటిలైట్‌లో చోటుకి మాత్రం బోలెడంత ఖర్చు, అందుకని పిల్లలు పడుకున్నాక పెద్దవాళ్లకి సినిమాలు వేసుకున్నారు. ఫ్లింట్‌స్టోన్స్, జెట్సన్స్, స్కూబీ డూ లాంటి మన నాన్నల కాలం నాటి బొమ్మలు 90ల్లో మనకి కొత్తవిగా కనిపించాయంటే కారణం ఇదే, అవన్నీ హనా-బార్బెరావే, ఎవరి దగ్గరా కొననక్కర్లేదు. స్వాట్ క్యాట్స్ అయితే మరీ వింత, అక్కడ 1993లో మొదలై 1995కల్లా ఆపేశారు, ఇక్కడ మాత్రం ఏళ్ల తరబడి తిప్పి తిప్పి వేశారు, దాన్ని ఇప్పటికీ మనవాళ్లు తలుచుకున్నంతగా అమెరికావాళ్లు కూడా తలుచుకోరేమో.

హిందీ డబ్బింగ్ 90ల చివర్లో వచ్చింది. రాత్రి సినిమాలు తీసేసి 24 గంటల కార్టూన్ ఛానెల్ చేసింది 2001లో. ఆ తర్వాత పోకెమాన్, బేబ్లేడ్ లాంటి జపాన్ బొమ్మల జోరు. 2004లో పోటీ ఒక్కసారిగా ముంచుకొచ్చింది: జనవరి 1న టర్నర్‌వాళ్లే పోగో పెట్టారు, సెప్టెంబర్‌లో యూటీవీ హంగామా, డిసెంబర్‌లో డిస్నీ ఛానెల్, టూన్ డిస్నీ. అప్పటిదాకా ఆడింది ఆటగా సాగింది కాస్తా అక్కడితో అయిపోయింది. నా దృష్టిలో పాత కార్టూన్ నెట్‌వర్క్ పోయింది కూడా అప్పుడే, లోగో మారినప్పుడు కాదు.

పెసరట్టు_ప్రియ:
అన్నీ చెప్పారు కానీ తెలుగు సంగతి ఎవరూ ఎత్తలేదేం? నాకు ఒళ్లు మండేది అక్కడే. 2003లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలో తయారైన సీరియల్ ఒకటి వేసింది, ఎవరి మీద అనుకుంటున్నారు, మన తెనాలి రాముడి మీద! తీసింది తిరువనంతపురంలోని టూన్జ్ వాళ్లు. మా ఇంట్లో టీవీలో మాత్రం శ్రీకృష్ణదేవరాయలు, రాముడు కూడా హిందీలోనే మాట్లాడుకునేవాళ్లు, మా తాతగారు ఒక పది నిమిషాలు చూసి "ఇదెక్కడి తెనాలిరా" అని లేచిపోయారు.

ఛోటా భీమ్ కథ కూడా అంతే. రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ స్టూడియో ఉన్నది హైదరాబాద్‌లో, బొమ్మ గీసింది ఇక్కడ, 2008లో పోగోలో మొదలైంది. మన ఊళ్లో తయారైన సరుకు హిందీలో దేశమంతా తిరిగి డబ్బింగ్ అయి మన ఇంటికి వచ్చింది. 2009లో సన్ వాళ్లు ఖుషీ టీవీ పెట్టేదాకా పూర్తిగా తెలుగులో నడిచే పిల్లల ఛానెల్ మనకు లేదు. తమిళవాళ్లకి చుట్టి టీవీ 2007లోనే వచ్చేసింది. మన నిర్మాతలు అంత డబ్బు సినిమాల్లో పోస్తారు, పిల్లల కోసం ఒక్కరికీ చెయ్యి రాలేదు.

డిష్_మూర్తి:
ప్రియ గారూ, కోపం న్యాయమే కానీ లెక్క కూడా చూడాలమ్మా. వేరే ఛానెల్ పెట్టాలంటే శాటిలైట్‌లో వేరే చోటు, వేరే ప్రకటనలు కావాలి, పిల్లల ఛానెల్‌కి ప్రకటనల రేటు ఎప్పుడూ తక్కువే. ఉన్న బొమ్మకే ఇంకో ఆడియో తగిలిస్తే డబ్బింగ్ ఖర్చుతో పోతుంది. అందుకే ఇప్పటికీ తెలుగులో కార్టూన్ చూస్తుంటే మధ్యలో స్క్రీన్ మీద అక్షరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో కనిపిస్తాయి. ఈటీవీ వాళ్లు కూడా 2021లో బాల భారత్ పెట్టినప్పుడు ఒక్క తెలుగుని నమ్ముకోకుండా చాలా భాషల్లో పెట్టారు.

గోదారి_గట్టు:
అందరికీ థ్యాంక్స్ అండి, మూర్తి గారి పోస్ట్ స్క్రీన్‌షాట్ తీసి బావకి పంపేశా. మూసేశారన్న సంగతి ఎవరూ చెప్పలేదు?

బొమ్మల_పిచ్చోడు:
అది పుకారు. 2022 అక్టోబర్‌లో అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్ స్టూడియోని, టర్నర్ తర్వాత దాని ఓనర్లయిన వార్నర్ వాళ్ల యానిమేషన్ విభాగంతో కలిపేసరికి ఛానెల్ చచ్చిపోయిందని సోషల్ మీడియాలో సంతాపాలు మొదలుపెట్టారు, 2024లో మళ్లీ అదే హడావుడి. వార్నర్, డిస్కవరీ ఒక్కటయ్యాక ఇక్కడ కార్టూన్ నెట్‌వర్క్, పోగో, డిస్కవరీ కిడ్స్ మూడూ ఒకే ఇంటివి అయ్యాయి. ఛానెల్ నడుస్తోంది. సెట్‌టాప్ బాక్సులు వచ్చాక ఆపరేటర్‌ని బతిమాలే పని కూడా లేదు, రిమోట్‌లో ఆడియో బటన్ నొక్కి తెలుగు పెట్టుకోండి.

పెసరట్టు_ప్రియ:
పెడతాం, పెట్టి వంటింట్లోకి వెళ్లేసరికి మా వాడు మళ్లీ హిందీకి మార్చేస్తాడు. క్లాసులో అందరూ భీమ్ డైలాగులు హిందీలోనే చెప్తారట.