బడ్జెట్‌లో సిక్స్ స్ట్రింగ్ బాస్: ఏది కొనాలి, ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

గుంటూరు_బాస్
అందరికీ నమస్తే. చర్చిలో ప్రతి ఆదివారం, సీజన్‌లో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో నాలుగు తీగల బాస్ గిటార్ వాయిస్తుంటాను. సిక్స్ స్ట్రింగ్‌కి మారాలని చాలా రోజులుగా ఉంది. చేతిలో యాభై వేలున్నాయి, కొంచెం సాగదీస్తే అరవై. ఇబనీజ్ కంపెనీ ఆరు తీగల బాస్ ఎస్‌ఆర్306ఈ తీసుకుని మెల్లగా పికప్స్ (తీగ ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాలు), ప్రీయాంప్ (బాస్ లోపల టోన్ సర్దే సర్క్యూట్) మార్చుకోవాలా? లేక ఎవరైనా వాడిన పై మోడల్ ఎస్‌ఆర్506 దొరికేదాకా ఆగాలా? ఈ రెండూ వాడినవాళ్లు చెప్పండి.

కాకినాడ_లోఎండ్
ముందు ఒక ప్రశ్న తమ్ముడూ. నీకు కావాల్సింది కింది బి తీగా, పై సి తీగా? బి ఒక్కటే అయితే ఐదు తీగల బాస్ తీసుకో. అదే డబ్బుకి మెరుగైన వాయిద్యం వస్తుంది. నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి చెక్క) సన్నగా ఉంటుంది, తీగల మధ్య ఖాళీ కూడా ఎక్కువ. నేను ఐదుతోనే ఉన్నాను, ఆరు కావాలని ఎప్పుడూ అనిపించలేదు.

గుంటూరు_బాస్
రెండూ కావాలన్నా. మా కీబోర్డ్ ఆయన పాడేవాళ్ల గొంతుని బట్టి ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే బటన్) నొక్కేస్తారు. పాట ఈ-ఫ్లాట్‌లోకో డి లోకో దిగితే నాలుగు తీగల మీద కింది రూట్ (ఆధార స్వరం) ఉండదు, పై ఆక్టేవ్‌లో వాయించాల్సి వస్తోంది. ఆరాధన పాటల మధ్యలో గిటార్ లేనప్పుడు కార్డ్స్, చిన్న మెలొడీలు కూడా నేనే వాయిస్తాను. దానికి సి తీగ ఉంటే బాగుంటుంది.

సికింద్రాబాద్_సెటప్
అయితే ఆరు నీకు పనికొస్తుంది. బి ఈ ఎ డి జి సి అని తీగ తీగకీ ఫోర్త్ (ఐదు అరస్వరాల) దూరమే. గిటార్‌లో జి-బి మధ్య మారినట్టు ఇక్కడ ఎక్కడా మారదు. ఒక చోట నేర్చుకున్న షేప్ (వేళ్ల అమరిక) నెక్ అంతా పనిచేస్తుంది. ట్రాన్స్‌పోజ్ నొక్కే కీబోర్డ్ ఆయనతో వాయించేవాడికి ఇంతకన్నా ఏం కావాలి!

ఇక అసలు విషయం. నేను బాస్‌లు, గిటార్లు సెటప్ చేసే పనిలో ఉన్నాను. బడ్జెట్ సిక్స్ స్ట్రింగ్ పట్టుకొచ్చేవాళ్లలో ఎక్కువమంది "పికప్స్ మార్చండి, బి తీగ బురదగా ఉంది" అంటారు. నేను ముందు పికప్స్ జోలికి వెళ్లను. కింది బి 31 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, మామూలు ఈ తీగ 41 దగ్గర. అంత నెమ్మదిగా ఊగే తీగలో తప్పు ఉంటే ఎంత ఖరీదైన పికప్ అయినా ఆ తప్పునే పెద్దది చేసి వినిపిస్తుంది.

ముందు నట్ (నెక్ పై చివర తీగలు కూర్చునే గాడుల పట్టీ) చూస్తాను. ఫ్యాక్టరీ నట్‌లో బి స్లాట్ సాధారణంగా .130 (అంగుళాల మందం) తీగకి సరిపోయేలా ఉంటుంది. .135 వేస్తే తీగ స్లాట్ అడుగుకి దిగకుండా అంచుల మీద కూర్చుంటుంది. మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీత) దగ్గర నొక్కితే స్వరం షార్ప్ అవుతుంది, ట్యూనర్ తిప్పితే టిక్కుమని గెంతుతుంది. సన్నటి రౌండ్ ఫైల్‌తో స్లాట్‌ని హెడ్‌స్టాక్ (ట్యూనర్లుండే చివర) వైపు కొంచెం వాలుగా వెడల్పు చేస్తే చాలు. అది పది నిమిషాల పని, కానీ చేయి తిరిగినవాళ్లే చేయాలి. ఒకసారి లోతైపోతే నట్ మార్చాల్సిందే.

తర్వాత సాడిల్, అంటే బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క. కొత్త బి తీగ లావుగా, బిర్రుగా ఉండి సాడిల్ మీద నుంచి విల్లులా వంగి వస్తుంది. ట్యూన్ చేశాక సాడిల్‌కి ఆనుకుని ముందువైపు బొటనవేలితో తీగని గట్టిగా కిందికి నొక్కండి. నట్ దగ్గర కూడా అలాగే. తీగ అక్కడ స్పష్టంగా మలుపు తీసుకోవాలి. ఈ ఒక్క పనితో బి తీగ తేటపడటం, ఇంటొనేషన్ (నెక్ అంతటా శ్రుతి సరిగ్గా ఉండటం) కుదురుకోవడం నా బల్ల మీద ఎన్నోసార్లు చూశాను.

విశాఖ_ఫ్రెట్‌లెస్
సెటప్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దీనికి సముద్రం పక్కన ఉండేవాళ్ల గోల ఇంకొకటి కలపండి. మా ఊళ్లో వానాకాలంలో గాలిలో తేమకి నెక్ కదులుతుంది, ఎండాకాలానికి మళ్లీ మారుతుంది. ఆరు తీగల లాగుడు, పైగా వెడల్పు నెక్. అందుకే ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపుని సర్దే కడ్డీ) తిప్పడం నేర్చుకోవాలి. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ రెండూ నొక్కి పట్టి ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర ఖాళీ చూడండి. విజిటింగ్ కార్డ్ మందం ఉంటే బాగున్నట్టే. లేకపోతే పావు చుట్టు తిప్పి, మళ్లీ ట్యూన్ చేసి, నెక్ సర్దుకోనిచ్చి చూడండి. బిగుసుకుపోయి తిరగకపోతే బలవంతం చేయకండి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

డాలస్_సుధ
నేను ఎస్‌ఆర్306ఈ, ఎస్‌ఆర్506ఈ రెండూ వాయించాను కాబట్టి తేడా చెప్తాను. రెండూ ఇండోనేషియాలో తయారైనవే, రెండూ 34 అంగుళాల స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు), 24 ఫ్రెట్లు. 306 బాడీ న్యాటో చెక్క, నెక్ మేపుల్-వాల్‌నట్ ఐదు ముక్కలు. 506 బాడీ ఒకుమే, నెక్ జటోబా-వాల్‌నట్. చేతికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. నట్ దగ్గర 54 మిల్లీమీటర్ల వెడల్పు. మామూలు జాజ్ బాస్ 38. మొదట్లో మణికట్టు నొప్పి పుడుతుంది తమ్ముడూ. స్ట్రాప్ కొంచెం పైకి కట్టి, బొటనవేలు నెక్ వెనక మధ్యలో ఉంచుకో.

అసలు తేడా ఎలక్ట్రానిక్స్‌లో ఉంది. 306లో ఇబనీజ్ సొంత పవర్‌స్పాన్ పికప్స్, మూడు బ్యాండ్ల ఈక్యూ (టోన్ సర్దే నాబ్స్), కాయిల్ మార్చుకునే చిన్న స్విచ్ ఉంటాయి. 506ఈలో బార్టోలిని బీహెచ్2 పికప్స్. మిడ్‌ని (మధ్యస్థాయి శబ్దాన్ని) 250, 450, 700 హెర్ట్జ్‌ల్లో ఎక్కడ పెంచాలో ఎంచుకునే స్విచ్ ఉంది, ఈక్యూ బైపాస్ కూడా ఉంది. స్టేజీ మీద బ్యాటరీ చచ్చిపోతే బైపాస్ వేసి పాట పూర్తి చేయొచ్చు. చర్చిలో వాయించేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఒక మాట, పాత 506ల్లో బార్టోలిని ఎంకే1 పికప్స్ ఉండేవి. వాడినది కొంటుంటే ఏ వర్షనో అడుగు.

ఖమ్మం_తీగ
ఎస్‌ఆర్‌లో తీగల మధ్య ఖాళీ తక్కువ. నాలుగు తీగల బాస్‌లో బ్రిడ్జ్ దగ్గర 19 మి.మీ. అలవాటైనవాళ్లకి స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టి) వాయించడం కష్టమే. ఫింగర్‌స్టైల్‌కి మాత్రం ఈ దగ్గరితనమే హాయి. నువ్వు స్లాప్ ఎక్కువ వాయిస్తావా?

గుంటూరు_బాస్
లేదన్నా, అంతా వేళ్లతోనే. స్కేల్ సంగతి కూడా చెప్పండి. 35 అంగుళాలుంటేనే బి తీగ బాగుంటుందని ఒకాయన గట్టిగా అన్నారు.

డాలస్_సుధ
ఆయన మాటలో నిజం ఉంది. అదే తీగ, అదే ట్యూనింగ్ ఉంచి 34 నుంచి 35కి వెళ్తే టెన్షన్ (తీగ బిగువు) సుమారు 6 శాతం పెరుగుతుంది. 1975లో కార్ల్ థాంప్సన్ చేత ఆరు తీగల కాంట్రాబాస్ గిటార్ చేయించుకున్న అమెరికన్ బాసిస్ట్ ఆంథనీ జాక్సన్ తర్వాత ఫొడేరా వాళ్లతో చేయించుకున్నది 36 అంగుళాలు. యమహా టీఆర్‌బీ1006జే 35. కానీ ఆ అంగుళంతో పాటు మొదటి పొజిషన్‌లో వేళ్ల సాగుడూ పెరుగుతుంది. సెటప్ బాగుంటే 34 మీద బి చక్కగా మోగుతుంది, నేను రోజూ వింటున్నాను.

కాకినాడ_లోఎండ్
యాంప్ గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఇంట్లో ఎనిమిది అంగుళాల స్పీకర్ ఉన్న ప్రాక్టీస్ యాంప్ పెట్టుకుని బి తీగ బాగాలేదనడం అన్యాయం. ఆ స్పీకర్ 31 హెర్ట్జ్‌ని ఎక్కడ పలికిస్తుంది? మనకి వినబడేది పైనున్న 62, 93 హెర్ట్జ్ హార్మోనిక్స్. మంచి హెడ్‌ఫోన్స్‌లో విని అప్పుడు నిర్ణయం తీసుకో. హాల్లో వాయించేటప్పుడు కీబోర్డ్ ఆయన ఎడమ చేత్తో కింది ఆక్టేవ్‌లో బాస్ వాయించకుండా ముందే మాట్లాడుకో. ఇద్దరూ అక్కడే ఉంటే ఎవరూ వినబడరు.

విశాఖ_ఫ్రెట్‌లెస్
తీగలకి డాడారియో ఈఎక్స్‌ఎల్170-6 తో మొదలుపెట్టొచ్చు, .032 నుంచి .130 దాకా ఉంటాయి. బి ఇంకా వదులుగా అనిపిస్తేనే .135 వైపు చూడు, అప్పుడు నట్ కూడా చూపించుకో. మిగతా తీగలు వాటంతట అవే మోగకుండా ఆపడం ఆరు తీగల మీద సగం పని. బొటనవేలిని పికప్ మీదే కట్టేయకుండా, వాయించే తీగని బట్టి బి మీదకి, ఈ మీదకి జరుపుతూ ఉండు. పైనున్న సన్న తీగల్ని ఎడమ చేతి చూపుడువేలు పక్కభాగం ఆపాలి. రికార్డింగ్ అయితే నట్ దగ్గర జుట్టుకి కట్టుకునే మెత్తటి బ్యాండ్ చుట్టేస్తాను.

సికింద్రాబాద్_సెటప్
పికప్స్ మెల్లగా మార్చుకోవాలా అని అడిగావు కదా. తీగలు, నట్, రిలీఫ్ (నెక్ వంపు), యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు), పికప్ ఎత్తు అన్నీ కుదిరాక కూడా నీకు కావాల్సిన టోన్ రాకపోతే అప్పుడు. పికప్ ఎత్తుని చాలామంది వదిలేస్తారు. బి వైపు కొంచెం దించి, సి వైపు కొంచెం లేపితే ఆరు తీగలూ ఒకే మట్టానికి వస్తాయి. స్క్రూడ్రైవర్ తప్ప ఖర్చు లేదు. అయినా మార్చాలనుకుంటే ఆర్డర్ పెట్టేముందు పాతదాని పొడవు, వెడల్పు కొలువు. సోప్‌బార్ (సబ్బు బిళ్లలా ఉండే పికప్) అన్న పేరు ఒకటే కానీ సైజులు కంపెనీకొకటి, ఆరు తీగలకి మరీ. సైజు తప్పితే చెక్క చెక్కాలి, ఆ బాస్‌ని మళ్లీ అమ్మితే రేటు పడిపోతుంది. నన్నడిగితే ప్రీయాంప్ ముందు మార్చడం నయం. అగ్విలార్ ఓబీపీ-3 లాంటిది 9 వోల్టులతోనూ 18 తోనూ పనిచేస్తుంది. అదీ మొదటి ఏడాది వద్దు.

ఖమ్మం_తీగ
ఇక్కడ నేను ఒప్పుకోను సెటప్ గారూ. 306కి ప్రీయాంప్, పికప్స్ అన్నీ పెట్టే ఖర్చుతో వాడిన 506 వచ్చేస్తుంది. అప్‌గ్రేడ్‌కి పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు. 506 దొరికితే అదే తీసుకోవాలి.

సికింద్రాబాద్_సెటప్
నెక్ బాగున్న 506 దొరికితే నేనూ అదే అంటాను. నెక్ మెలి తిరిగిన 506 కన్నా నెక్ తిన్నగా ఉన్న 306 మేలు.

గుంటూరు_బాస్
అందరికీ థాంక్స్ అండి. విజయవాడలో ఒకాయన 506ఈ అమ్ముతున్నారు, ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్తున్నాను. చూడగానే ఏం పరీక్షించాలి?

సికింద్రాబాద్_సెటప్
హెడ్‌స్టాక్ వైపు నుంచి ఒక కన్ను మూసి నెక్ పొడవునా చూడు. బి వైపు అంచు, సి వైపు అంచు రెండూ ఒకే తీరులో కనబడాలి. ఒకటి వంగి ఇంకొకటి తిన్నగా ఉంటే మెలి ఉన్నట్టు, అక్కడితో వదిలేయ్. ట్రస్ రాడ్ కొంచెం కదులుతుందో లేదో ఆయన ఎదురుగానే చూడు. సి తీగ మీద పన్నెండో ఫ్రెట్ నుంచి 24 దాకా ఒక్కో స్వరం వాయించు, చచ్చినట్టు ఆగిపోయే చోటు ఉందేమో వినబడుతుంది. నాబ్స్ అన్నీ తిప్పి గరగర ఉందేమో విను. కొంతమంది కేబుల్ జాక్‌లోనే వదిలేస్తారు. అలా ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. అరిగిన బ్యాటరీతో మంచి బాస్ కూడా చెడ్డగా వినిపిస్తుంది, కాబట్టి కొత్త 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ ఒకటి నువ్వే తీసుకెళ్లు.