పెట్టెలో ఏముందో ముందే చెప్పుంటే దు షినియాంగ్ బతికేదా?

లెక్కలమాస్టారు: చైనా రచయిత ఫెంగ్ మెంగ్‌లాంగ్ 1624లో తెచ్చిన సంపుటంలో కథ. బీజింగ్‌లో వేశ్య దు షినియాంగ్, అక్కడ చదువుకునే లి జియా ప్రేమించుకుంటారు. ఆమెని విడిపించడానికి 300 లియాంగుల వెండి కావాలి, సగం ఆమే పరుపులో దాచింది తీసిస్తుంది, మిగతాది స్నేహితుడు అప్పు తెస్తాడు. పడవలో ఊరికెళ్తుంటే గ్వాజౌ రేవు దగ్గర ఉప్పు వ్యాపారి సన్ ఫు, మీ నాన్న ఈమెని గడప తొక్కనిస్తాడా అని భయపెట్టి వెయ్యి లియాంగులకి బేరం పెడితే వీడు ఒప్పుకుంటాడు. తెల్లారి ఆమె పెట్టె సొరుగులు ఒక్కోటీ లాగి నగలన్నీ ఏట్లో పోసి తనూ దూకేస్తుంది. పదివేలు చేసే పెట్టె! ముందే చెప్తే వాడు అమ్మేవాడా? సగం తప్పు ఆమెదే అంటాను.

నైట్‌డ్యూటీ: వెయ్యి తులాల వెండికి పెళ్ళాన్ని అమ్మాడా 😡

లెక్కలమాస్టారు: తులాలు కాదండీ, లియాంగులు. ఒక్కోటి మూడు తులాల పైనే.

సంపెంగ: అంటే మూడు వేల తులాలకి అమ్మితే పర్లేదా మాస్టారూ?

లెక్కలమాస్టారు: నేనలా అన్లేదు. లెక్క లెక్కే.

సంపెంగ: సరే మీ లెక్కే చూద్దాం. దారిలో వీడి చేతిలో పైసా లేకపోతే ఆమె పెట్టె తాళం తీసి ఎర్ర పట్టుసంచిలో 50 లియాంగులు ఇచ్చింది, పక్కనే ఉన్న వీడు సిగ్గుపడి లోపలికి తొంగి కూడా చూళ్ళేదు. అంతకుముందు పరుపులోంచి 150 ఇచ్చింది. ఇంకెన్నిసార్లు చూపించాలి? ఆ నగలు కూడా వీడి తల్లిదండ్రుల్ని ఒప్పించడానికే దాచానని చచ్చేముందు చెప్పింది కదా.

లెక్కలమాస్టారు: అదే నేననేది! అతని కోసమే అయినప్పుడు మళ్ళీ తాళం ఎందుకేసింది? నేను అప్పులవాళ్ళ ఫోన్లు ఎత్తలేక బాత్రూంలో కూర్చున్న రోజుల్లో మా ఇంట్లో బీరువాలో చీరల కింద నాలుగు లక్షలున్నాయి. నాకు తెలీదు. ఆ బాధ మీకు తెలుసా?

సంపెంగ: మా అక్క మీరు చెప్పినట్టే చేసిందండీ, పెళ్ళైన ఆర్నెల్లకే నగలన్నీ మొగుడి ముందు పెట్టింది. ఇప్పుడవి తాకట్టులో ఉన్నాయి, బావ ఏ ఊళ్ళో ఉన్నాడో మాకు తెలీదు.

గోదారోడు: ఇద్దరూ కథ వదిలేసి బీరువాల మీద పడ్డారు

లెక్కలమాస్టారు: నేను మీ బావని కాదమ్మా.

సంపెంగ: ఆ మాట మీ ఆవిడకెలా తెలియాలి? పెట్టె చూశాక ఉంచుకున్నాడనుకోండి, తనని ఉంచుకున్నాడో పెట్టెనో షినియాంగ్‌కి జన్మలో తేలేదా? మీరడిగేది నిజం చెప్పమని కాదు, తాళం ఇమ్మని.

నైట్‌డ్యూటీ: ఇంతకీ ఆ ఉప్పోడు ఏమయ్యాడు?

గోదారోడు: జడుసుకుని మంచం పట్టి నెల పైన తీసుకుని పోయాడు. లి జియాకి పిచ్చెక్కింది.

లెక్కలమాస్టారు: ఆ నాలుగు లక్షలూ పాప కాలేజీ ఫీజుకి దాచిందట. తర్వాత తెలిసింది, కట్టింది కూడా. అయినా ఒక్క మాట చెప్పుండాల్సింది.