వాలెట్టాలో ఒక్క రోజు: కెథడ్రల్ ముందా, ఫిరంగి ముందా?

మాల్టా రాజధాని వాలెట్టా వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి. గురువారం ఉదయం 8కి ఓడ గ్రాండ్ హార్బర్‌లో ఆగుతుంది, సాయంత్రం 5 కల్లా మళ్ళీ ఎక్కాలి. మాతో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళున్నారు. ఊరు కిలోమీటరు పొడవే అయినా వీధులు మెట్లుమెట్లుగా దిగుతాయి, అదే భయం.

రేవు నుంచి 58 మీటర్ల బరాక్కా లిఫ్ట్ ఎక్కితే నేరుగా అప్పర్ బరాక్కా తోటలో తేలతాం. కింది బురుజు మీద మధ్యాహ్నం 12కీ, 4కీ ఫిరంగి పేలుస్తారు. 4 గంటలది చూస్తే ఓడకి పరుగే, కాబట్టి 12 గంటలదే. అంతకుముందే సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్ చూసేయాలని ఆలోచన. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. నేలంతా నైట్లు అనే క్రైస్తవ యోధుల సమాధుల పాలరాయి కనుక సన్నమడమల చెప్పులు రానివ్వరు. ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1608లో గీసిన బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేదం అక్కడే ఉంది. ఆయన సంతకం పెట్టిన ఒకే ఒక్క చిత్రం, అదీ కారుతున్న నెత్తుటిలో. దాని ముందు హడావిడి పడటం ఇష్టం లేదు.

మరి గంటన్నర సరిపోతుందా? టికెట్ ముందే కొంటే లోపలికి వెళ్ళే వరుస తగ్గుతుందా?

మధ్యాహ్నానికి సెయింట్ ఎల్మో కోటా, లేక పడవలో రేవు అవతలి ఒడ్డునున్న బిర్గూ ఊరా? 1565లో ఒట్టోమన్ సైన్యం మాల్టాను ముట్టడించిన కథ రెండుచోట్లా ఉంది. కోట ఊరి చివర, అక్కడికి దిగుడే కానీ వెనక్కి ఎక్కుడు. బిర్గూ పడవ లిఫ్ట్ కిందే దొరుకుతుంది కాబట్టి మనసు అటే లాగుతోంది. పెద్దవాళ్ళకి పడవ ఎక్కడం దిగడం కష్టమా? బిర్గూలో ఎత్తుపల్లాలు ఎలా ఉంటాయి?