చంటిపాపతో కథలు రాయడం, రాత్రిళ్లు బయటికెళ్లడం ఎలా కుదురుతుంది?

మా పాపకి 4 నెలలు. తను పుట్టకముందు రాత్రి పది దాటాకే కథలు రాసుకునేదాన్ని. నెలకి రెండుసార్లైనా స్నేహితులతో నాటకానికో, కచేరీకో వెళ్లి అర్ధరాత్రి ఇంటికొచ్చేదాన్ని. ఇప్పుడు పది కాకముందే కళ్లు మూతలు పడుతున్నాయి.

మొన్న పాపని భుజాన వేసుకుని, ఒంటిచేత్తో ఫోన్‌లో నాలుగు వాక్యాలు కొట్టాను. పొద్దున చూస్తే మూడో వాక్యం మధ్యలో "ళళళళళ" అని ఉంది. అక్కడే నిద్రపోయినట్టున్నాను.

"శనివారం నువ్వెళ్లు, నేను చూసుకుంటా" అంటారు మా ఆయన. పోయిన వారం వెళ్లాను కూడా. రెండు గంటలు గడిచేసరికి పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. సిగ్గుతో సగంలోనే వచ్చేశా. పాప మాత్రం హాయిగా నిద్రపోతోంది!

పాలిచ్చే తల్లులు బయటికెళ్లేటప్పుడు ఏం చేస్తున్నారు? ముందే పాలు పిండి సీసాలో పెట్టి వెళ్తే, అక్కడ మీ ఇబ్బంది సంగతేంటి? రాసేవాళ్లు, బొమ్మలేసేవాళ్లు, పాడేవాళ్లు ఏ వేళ ఎంచుకున్నారు? తెల్లవారుజామునా, పాప మధ్యాహ్నం పడుకున్నప్పుడా? (ఆ టైంలో నువ్వూ పడుకో అనే సలహా మాత్రం వద్దు, అందరూ చెప్పేశారు.) రోజుకి అరగంట దొరికినా చాలు నాకు. మీకు ఎన్నో నెలకి దొరికింది?