న్యూజెర్సీలో మొదటి షాప్‌లిఫ్టింగ్ కేసు: కండిషనల్ డిస్మిసల్ తీసుకోవచ్చా?

చెరుకురసం: ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్న ఓ కుర్రాడి తరఫున అడుగుతున్నా. సెల్ఫ్ చెకౌట్‌లో 164 డాలర్ల సరుకు స్కాన్ చేయలేదని సమన్స్ చేతికిచ్చారు. మూడు వారాల్లో మునిసిపల్ కోర్టు. ఇదే మొదటి కేసు. కండిషనల్ డిస్మిసల్ (షరతుల మీద కేసు కొట్టేయడం) తీసుకుంటే ఏడాదిలో పోతుందంటున్నారు, నిజమేనా?

ఎడిసన్ బాబాయ్: కళ్లు మూసుకుని తీసుకోమనండి. 200 డాలర్ల లోపు కాబట్టి డిసార్డర్లీ పర్సన్స్ అనే చిన్న తరగతి నేరం. చట్టంలో ఆరు నెలల జైలు, 1000 డాలర్ల జరిమానా దాకా ఉన్నా మొదటిసారికి అంత దూరం వెళ్లడం అరుదు. కానీ శిక్ష పడితే కనీసం పది రోజుల కమ్యూనిటీ సర్వీస్ తప్పదు. ఈ దారిలో ఏడాది బుద్ధిగా ఉంటే కొట్టేస్తారు. తర్వాత ఎక్స్‌పంజ్ (రికార్డు చెరిపించడం) చేయించుకుంటే మచ్చే ఉండదు.

నిక్కచ్చి: సిటిజన్‌కైతే మంచి సలహాయే బాబాయ్ గారూ. వీసా మీద ఉన్నవాడికి మాత్రం గొయ్యి. అందులో చేరాలంటే ముందు గిల్టీ అనాలి, లేదా విచారణలో అలా తేలాలి. ఇమిగ్రేషన్ చట్టంలో కన్విక్షన్‌కి నిర్వచనం వేరు: నేరం ఒప్పుకుని, దాని మీద కోర్టు ఏదో ఒక ఆంక్ష పెడితే చాలు. ఏడాది తర్వాత న్యూజెర్సీ కొట్టేసినా అక్కడ కన్విక్షన్ కన్విక్షనే.

పుల్లట్టు: 164 ట్యాక్స్‌తో కలిపా, లేకుండానా?

ఎడిసన్ బాబాయ్: జనాన్ని భయపెట్టడం మీకు అలవాటే. డిస్మిస్ అంటే డిస్మిస్. లాయర్ల జేబులు నింపడానికి తప్ప దేనికీ పనికిరాని మాటలివి.

నిక్కచ్చి: డీఎస్-160 (వీసా దరఖాస్తు ఫారం) ఎప్పుడైనా నింపారా? ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతుంది, క్షమాభిక్ష లాంటిది దొరికినా సరే చెప్పమంటుంది. ఎక్స్‌పంజ్ చేయించుకున్నా అక్కడ దాచకూడదు. అందుకే ఎక్స్‌పంజ్ చేయించే ముందే కోర్టు నుంచి సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే ధ్రువీకృత కాగితం) తెచ్చి పెట్టుకోవాలి. తర్వాత ఆ కాగితం కోసం నానా తిప్పలూ పడాలి.

పుల్లట్టు: ట్యాక్స్ సంగతి ఎవరూ చెప్పరేం? 200 అయితే ఇంకా పెద్దదైన ఫోర్త్ డిగ్రీ నేరం కదా?

నిక్కచ్చి: అవును. 200 నుంచి ఫోర్త్ డిగ్రీ, 18 నెలల దాకా శిక్ష. అమెరికాలో అడుగుపెట్టిన ఐదేళ్లలోపు చేసిన నేరానికి ఏడాది, ఆపైన శిక్ష పడే వీలుంటే ఒక్క దొంగతనం కేసు చాలు డిపోర్ట్ చేయడానికి. ఆరు నెలల నేరానికి ఆ క్లాజు తగలదు, పెటీ అఫెన్స్ (చిన్న నేరం) మినహాయింపు కూడా మిగులుతుంది. అందుకే లాస్ ప్రివెన్షన్ (దుకాణంలో దొంగతనాలు పట్టే సిబ్బంది) వాళ్లు కొట్టిన రసీదులో వస్తువు వస్తువుకీ ధర చూడాలి.

గోంగూర పచ్చడి: పాప్‌కార్న్ పట్టుకుని కూర్చున్నా.

ఎడిసన్ బాబాయ్: ఇన్ని లెక్కలెందుకు? తీశాడా లేదా? తీసి, జడ్జి ముందు నాట్ గిల్టీ అని అబద్ధమాడమంటారా? ఇలాంటివాళ్ల వల్లే మన పిల్లలందర్నీ దుకాణాల్లో అనుమానంగా చూస్తున్నారు. తప్పు చేసినవాడు ఒప్పుకోవాలి, అంతే.

నిక్కచ్చి: అదీ మీ బాధ. ఇంతసేపూ కండిషనల్ డిస్మిసల్ అంటూ వచ్చింది దీనికా! నాట్ గిల్టీ అనేది ప్రమాణం చేసి చెప్పే సాక్ష్యం కాదండీ, రుజువు చేయమని అడగడం. ధ్యాస తప్పి స్కాన్ చేయకపోతే అసలు నేరమే కాదు, కావాలనే చేశాడని తేలాలి. సంచిలో దాచిపెట్టి దొరికితే మాత్రం ఉద్దేశం ఉందనే చట్టం మొదటే అనుకుంటుంది. నిజంగా తీసినా, ఏ సెక్షన్ కింద ఒప్పుకోవాలో ఎంచుకునే హక్కు అతనికుంది. మునిసిపల్ ఆర్డినెన్స్ (ఊరి స్థానిక నిబంధన) ఉల్లంఘనకి తగ్గించమని ప్రాసిక్యూటర్‌ని అడగవచ్చు. ఆ ఆర్డినెన్స్‌లో దొంగతనం వాసన ఉంటే లాభం లేదు, కాబట్టి దాని మాటలు ఇమిగ్రేషన్ లాయర్ చదివాకే సరే అనాలి.

ఎడిసన్ బాబాయ్: మా రోజుల్లో సిగ్గుండేది.

నిక్కచ్చి: సిగ్గుకి వీసా పోగొట్టుకోవాలని ఎక్కడా లేదు. చెరుకురసం గారూ, పని చూడండి. కోర్టుకి వెళ్లకపోతే వారెంటు వస్తుంది, తేదీ తప్పనివ్వకండి. లాయర్ ద్వారా డిస్కవరీ (ప్రాసిక్యూషన్ దగ్గరున్న ఆధారాలు) అడగాలి: సీసీటీవీ, రసీదు, దుకాణంలో అతను సంతకం పెట్టిన ప్రతి కాగితం. వీడియో పైన వీడియో ఎక్కేస్తుంది, భద్రపరచమని ఈ వారమే రాతపూర్వకంగా కోరాలి. కేసు తేలేదాకా ఇండియా ప్రయాణం వద్దు, శిక్ష పడకున్నా అరెస్టు మీదే వీసా రద్దు చేయవచ్చు.

చెరుకురసం: దుకాణం తరఫున డబ్బు కట్టమని ఉత్తరం కూడా వచ్చింది. కడితే కేసు ఆగుతుందా?

నిక్కచ్చి: ఆగదు. అది సివిల్ డిమాండ్, క్రిమినల్ కేసు నడిపేది ప్రభుత్వం. లాయర్‌కి చూపించకుండా జవాబు రాయనివ్వకండి.

పుల్లట్టు: ఇంతకీ ట్యాక్స్?

చెరుకురసం: లేకుండానే అండీ. కానీ 164 సేల్ ధరట. ట్యాగ్ మీద 219 ఉందంటున్నాడు. సమన్స్‌లో 164 రాశారు.

నిక్కచ్చి: చట్టం చూసేది దుకాణం చెప్పిన లేదా ప్రకటించిన ధర. ఏది ఆ ధర అన్నదాని మీదే వాదన నడుస్తుంది. ఈ మాట లాయర్‌కి తప్ప ఇంకెవరికీ చెప్పకండి. ముందు ఈ కామెంటు తీసేయండి.