పాలిమర్ ద్రావణంలో నానో కణాలు లెక్క కంటే వేగంగా కదులుతున్నాయి, తప్పెక్కడ?

జిగురుపాకం:
20 నానోమీటర్ల గోల్డ్ కణాలు, నీళ్లలో 1 శాతం పాలీఇథిలీన్ ఆక్సైడ్, మాలిక్యులర్ వెయిట్ 10 లక్షలు. రియోమీటర్‌లో విస్కాసిటీ (జిగట) నీటికి దాదాపు 30 రెట్లు వచ్చింది. స్టోక్స్-ఐన్‌స్టైన్ సూత్రం ప్రకారం డిఫ్యూజన్ (కణాలు వాటంతటవే అటూ ఇటూ కదిలే వేగం) కూడా 30 రెట్లు తగ్గాలి కదా, డీఎల్ఎస్‌లో (కణాల మీద పడి చెదిరే కాంతితో వాటి కదలికను కొలిచే పద్ధతి) చూస్తే 5 రెట్లే తగ్గింది. మూడుసార్లు చేశా, అదే నంబర్. ఎల్లుండి గైడ్‌తో మీటింగ్, టెన్షన్‌గా ఉంది.

వలకన్ను:
కంగారు పడకండి, అలాగే రావాలి. 1905 నాటి ఆ లెక్కలో కణం చుట్టూ ఉన్న ద్రవం ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుందని అనుకుంటాం. పెద్ద కణానికి అది సరే, మీదానికి కాదు. మీ పాలిమర్ గొలుసు ఉండ చుట్టుకుంటే దాని వ్యాసార్థం 65-70 నానోమీటర్లు ఉంటుంది, సుమారు 0.13 శాతం దాటగానే ఉండలు ఒకదాంట్లోకి ఒకటి చొరబడి వలలా తయారవుతాయి, 1 శాతం దగ్గర ఆ వల కన్ను ఓ 15 నానోమీటర్లు. ఆ వల కన్ను కంటే చిన్న కణమైతే దాదాపు ఉత్త నీళ్లలో ఉన్నట్టే తిరుగుతుంది. గొలుసు కంటే బాగా పెద్దదైతే రియోమీటర్ చూపించిన విస్కాసిటీ అంతా దానికి తగులుతుంది. మీది మధ్యలో పడింది: దారి ఇవ్వడానికి గొలుసు మొత్తం చిక్కు విడిపోనక్కర్లేదు, పక్కనున్న చిన్న ముక్క కాస్త జరిగితే చాలు. 500 నానోమీటర్ల కణాలతో చేసి చూడండి, తేడా చాలావరకు పోతుంది.

పాతరియోమీటర్:
పైన చెప్పింది కరెక్టే, కానీ ఆ 5 మీద నాకు అంత నమ్మకం లేదు. పాలిమర్ కూడా కాంతిని చెదరగొడుతుంది, గోల్డ్ సిగ్నల్ ఎంత బలంగా ఉన్నా అందులో పాలిమర్ సిగ్నల్ కలిసిందో లేదో చూడాలి. ఇంతకీ విస్కాసిటీ ఏ షియర్ రేట్ (ద్రవం పొరలు ఒకదాని మీద ఒకటి జారే వేగం) దగ్గర తీశారు?

జిగురుపాకం:
సెకనుకి 100, ఒక్కచోటే.

పాతరియోమీటర్:
అదీ సంగతి. ఈ ద్రావణాలు షియర్ పెరిగేకొద్దీ పలచబడతాయి, డిఫ్యూజన్‌తో పోల్చాల్సింది సున్నా షియర్ విస్కాసిటీని, అంటే ద్రవాన్ని దాదాపు కదపనప్పటి విస్కాసిటీని. అది 30 కంటే ఎక్కువే ఉండొచ్చు, అంటే మీ తేడా ఇంకా పెరుగుతుంది. పైగా గొలుసులు కణానికి అంటుకుంటే సైజు పెరిగి నెమ్మదించాలి, అదీ మీ తేడాని వివరించదు. కణాలు వేయకుండా ఉత్త పాలిమర్‌తో డీఎల్ఎస్ తీశారా?

జిగురుపాకం:
లేదు 😬 రేపు పొద్దున్నే తీస్తా.